కారు కింద డాక్టరు

ఆ ఆదివారం పొద్దున పళ్ళ డాక్టరు గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, మామగారి కారుకు ఇంజన్ ఆయిల్ మార్చడం, స్నానం చేసి అదే కారులో ఆసుపత్రికి వెళ్ళి, మోకాలి ఆపరేషన్ అయిన మామగారిని ఇంటికి తీసుకురావడం. ఇందులో కాఫీ తాగడం వరకూ అన్నీ అనుకున్నట్టే జరిగాయి.

ఆయిల్ ఆ రోజే ఎందుకు మార్చాలంటే, మార్చేశానని ఆయన అప్పటికే చెప్పేశారు. మామగారు ఆసుపత్రిలో చేరినప్పటి నుంచీ రోజూ సాయంత్రం ఫోన్ చేసి, “డాక్టరు గారూ, కారుకి ఆయిల్ మార్చారా?” అని అడిగేవారు. “రేపు మారుస్తాను మామయ్యగారూ” అని ఈయన చెప్పేవారు. రేపులన్నీ అయిపోయి, ఆపరేషన్ ముందురోజు రాగానే అదే ప్రశ్న మళ్ళీ వచ్చింది. ఈసారి ఆ గొంతులో ఏదో వణుకు వినిపించి, “మార్చేశాను, మీరు నిశ్చింతగా ఉండండి” అని డాక్టరు గారు నోరు జారారు. అవతల పెద్ద నిట్టూర్పు వినిపించింది. “అమ్మయ్య! ఇక నిద్రపోతాను” అన్నారు మామగారు.

అబద్ధం ఇంకెవరితోనైనా ఆడి ఉంటే ఈపాటికి మరిచిపోయేవారే. మామగారితో ఆడింది మాత్రం పంటికింద రాయిలా తగులుతూనే ఉంది. పదిహేనేళ్ళ కిందట క్లినిక్ పెట్టిన కొత్తలో పేషెంటన్నవాడు ఆ మెట్లెక్కితే ఒట్టు. డాక్టరు గారు ఈగలు తోలుకుంటూ కూర్చునేవారు. ఖాళీ కుర్చీలు చూస్తే వచ్చేవాళ్ళు కూడా వెనక్కి పోతారని, మామగారు రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, వీధిలోకి కనబడేలా దవడ పట్టుకుని వరండాలో కూర్చునేవారు. ఎవరైనా అటుగా వెళ్తుంటే గొంతు పెంచి, “డాక్టరు గారూ, మీ చెయ్యి పడితే చాలండీ, నొప్పి మాయం!” అనేవారు. అల్లుణ్ణి “డాక్టరు గారూ” అని, “మీరు” అని పిలవడం అలా మొదలైంది. నెమ్మదిగా జనం వచ్చారు. క్లినిక్ నిలబడింది. మామగారికి ఆ పిలుపు మాత్రం నాలుక మీద ఉండిపోయింది.

అంతేకాదు, డాక్టరు గారు తన చేతులతో పీకిన మొట్టమొదటి పన్ను కూడా మామగారిదే. కింది దవడలో కుడివైపు పుచ్చిన పన్ను. చేతులు వణుకుతూనే పీకారు. మామగారు అద్దంలో చూసుకుని, ఒక్క క్షణం ఆగి, “అబ్బ, హాయిగా ఉంది. నొప్పి పోయింది” అన్నారు. కొన్నాళ్ళకు దాని పక్క పన్ను కూడా కనబడకపోతే, ఏమైందని డాక్టరు గారు అడిగారు. “తోడు పోయిందని బెంగ పెట్టుకుని అదే రాలిపోయింది లెండి” అన్నారు మామగారు. ఈనాటికీ కుర్చీలో వణికే ప్రతి పేషెంటుకూ డాక్టరు గారు ఆ మొదటి పన్ను కథే చెప్పి ధైర్యం ఇస్తారు. అలాంటి మనిషి ఇంటికొచ్చి కారు మూత ఎత్తి చూసేలోగా, ఆడిన అబద్ధాన్ని నిజం చేసెయ్యాలి. అదీ ఆ పొద్దున ఆయన గుండెల మీదున్న బరువు.

“మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళొచ్చుగా?” అంది భార్య. ఆవిడ హైస్కూల్లో హెడ్ మిస్ట్రెస్. ఇంట్లో కూడా ప్రశ్న వేస్తే జవాబు వచ్చేదాకా కదలదు.

“ఆ మెకానిక్ మీ నాన్నగారికి ప్రాణస్నేహితుడు. నోట్లో నువ్వుగింజ నానదు. నేను ఇల్లు చేరేలోపల కబురు ఆసుపత్రికి చేరుతుంది.”

“అయితే ఆ పని మీకొచ్చా?”

“ఏముంది అందులో? కింద ఒక బోల్టు ఉంటుంది. అది తీస్తే పాత ఆయిల్ కారిపోతుంది. మళ్ళీ బిగించి పైనుంచి కొత్తది పొయ్యడమే. రోజూ మనుషుల నోళ్ళలో చేసే పనే. ఇక్కడ నోరు కిందికి ఉంటుంది, అంతే.”

ఆ “అంతే” అన్న మాట వినగానే హెడ్ మిస్ట్రెస్ గారు వరండాలో ఆరేసిన మంచి దుప్పట్లు తీసి లోపల పెట్టేసింది. ఆవిడకు భర్త మీద ప్రేమ ఉంది గాని, భ్రమలు లేవు.

ఇంజన్‌లో ఆయిల్ ఎలా ఉందో చూడడానికి ఒక పుల్ల ఉంటుంది. పైకి లాగి చూస్తే మంచిదో, మాడిపోయిందో తెలిసిపోతుంది. నోట్లో ఏ పన్ను పుచ్చిందో చూడడానికి చిన్న అద్దం ఉన్నట్టే. డాక్టరు గారు ఆ పుల్ల జోలికే పోలేదు. తొందరలో ఉన్నారు.

ఇక ఆ కారు సంగతి. మామగారు ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా పనిచేశారు. “ఇన్నేళ్ళూ ఎత్తు మీద నిలబడి తిరిగాను. ఇక నేలకి దగ్గరగా కూర్చుని తిరుగుతాను” అని రిటైరయ్యాక పాత కారు ఒకటి ఏరికోరి కొనుక్కున్నారు. రెండే తలుపులు. పైకప్పు మనిషి నడుం దాకా వస్తుంది. అందులో ఎక్కడం, దిగడం అంటూ ఉండవు, దూరడం, పాకడమే. వీధిలో పిల్లులు ఎండకి అన్ని కార్ల కిందా పడుకుంటాయి గాని దీని జోలికి రావు. స్పీడ్ బ్రేకరు కనిపిస్తే మామగారు ముందు దిగి, వంగి, దాని ఎత్తు చూసుకుని, మళ్ళీ దూరి, ఏటవాలుగా దాటించేవారు. మోకాళ్ళు అరిగింది అందుకేనని కూతురి అభిప్రాయం.

అలాంటి కారు కింద జాకీ పెట్టబోతే అది లోపలికి పోలేదు. జాకీ పోవాలంటే కారు లేవాలి, కారు లేవాలంటే జాకీ పోవాలి. పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్ళవదన్నట్టుంది వ్యవహారం. డాక్టరు గారు షెడ్డులో నిలబడి తల గోక్కుంటుంటే బావమరిది వచ్చాడు.

ఇంట్లో అందరూ అతన్ని “సరేబావ” అంటారు. బావ ఏం చెప్పినా “సరే బావా” అని, చెప్పింది చెప్పినట్టు, ఒక్క అక్షరం అటూ ఇటూ కాకుండా చేసేస్తాడు. నాటక కంపెనీలో తెర లాగే ఉద్యోగం. దర్శకుడు “ఎత్తు” అంటే తెర ఎత్తాలి, “వదులు” అంటే వదలాలి. ఆలోచించడం ఆ ఉద్యోగంలో నేరం. ఒకసారి నాటకం సగంలో నాయిక విలన్‌తో “ఛీ! నా చెయ్యి వదులు!” అనగానే తెర ధబేల్మని పడింది. కథ అక్కడికి సమాప్తమనుకుని జనం చప్పట్లు కొట్టి ఇళ్ళకు వెళ్ళిపోయారు. ఆ పెద్ద ఎర్ర తెరే ఈమధ్య చిరిగితే, ఉతికి కుట్టడానికని ఇంటికి తెచ్చి, డాబా పిట్టగోడ మీద ఆరేశాడు.

“మేము పెద్ద పెద్ద సెట్టింగులు దూలంతో లేపుతాం బావా” అని, షెడ్డు మూలనున్న పొడుగాటి దూలం లాక్కొచ్చాడు సరేబావ. ఇటుకలు పేర్చి, దూలం ఒక కొస కారు ముందుభాగం కింద దూర్చి, రెండో కొస మీద అక్కాతమ్ముళ్ళిద్దరూ వేలాడితే కారు మూతి పైకి లేచింది. డాక్టరు గారు గబగబా ముందు చక్రాల కింద మంచం చెక్కలు తోశారు. ఇప్పుడు కారు కింద మనిషి పట్టేంత జాగా వచ్చింది. అయితే ఆ మనిషికి పొట్ట ఉండకూడదు.

“ఇంకొంచెం ఎత్తి పట్టుకో. నేను దూరి బోల్టు తీసేస్తాను” అన్నారు డాక్టరు గారు.

“సరే బావా.”

“నేను చెప్పేదాకా వదలకు.”

“సరే బావా.”

అక్క కాసేపు చెయ్యేసి, కారు లేచాక కాఫీ గ్లాసులు తియ్యడానికి లోపలికి వెళ్ళింది. డాక్టరు గారు పానా ఒక చేత్తో, పళ్ళెం ఒక చేత్తో పట్టుకుని వెల్లకిలా పాకుతూ లోపలికి దూరారు. పళ్ళెం ఎందుకంటే, ఆ కారు కింద బకెట్టు పట్టదు, బేసిన్ పట్టదు. భోజనం పళ్ళెం ఒక్కటే పట్టింది. ఆయిల్ ఎంత వస్తుందిలే అనుకున్నారు. పుక్కిలించి ఉమ్మినంత వస్తుందని ఆయన అంచనా.

బోల్టు మొండికేసింది. మొండి పళ్ళను బుజ్జగించి పీకడం డాక్టరు గారి పద్ధతి. పట్టకారు పట్టు దొరికాక, గట్టిగా లాగకుండా, చంటిపిల్లను నిద్రపుచ్చినట్టు, లోగొంతుకలో మాట్లాడుతూ ఉంటారు. ఇరవై వేల పళ్ళకు పనిచేసిన ఆ మంత్రమే ఇక్కడా మొదలుపెట్టారు.

“రా తల్లీ... రా... ఎందుకంత పట్టుదల... వదులు. వదులు నాన్నా, వదులు!”

“సరే బావా” అని బయటి నుంచి వినిపించింది.

తర్వాత అన్నీ ఒకేసారి జరిగాయి. బోల్టు ఊడింది. కారు దిగింది. దూలం ఎగిరి ఇటుకలు చెల్లాచెదురయ్యాయి. అదృష్టం బాగుండి కింద మంచం చెక్కలున్నాయి, కారు వాటి మీదే ఆగింది. డాక్టరు గారికి ఎక్కడా గీత కూడా పడలేదు. కాని పొట్టకూ కారుకూ మధ్య ఇక కాగితం పట్టే సందు లేదు. ఊపిరి వదిలితే కాస్త ఊరట, పీలిస్తే కారు బరువు. చేతిలోని బోల్టు జారి, దొర్లుకుంటూ ఎటో పోయింది.

“ఎందుకు వదిలావురా?” అన్నారు డాక్టరు గారు, ఉన్న కొంచెం ఊపిరితో.

“మీరే కదా బావా, మూడుసార్లు చెప్పారు. మా దర్శకుడు ఒక్కసారే చెబుతాడు.”

ఈలోగా ఆయిల్ ధార కట్టింది. పళ్ళెం కన్ను మూసి తెరిచేలోగా నిండింది. కారే ఆయిల్ వంక డాక్టరు గారు పక్కచూపుతో చూశారు. బంగారు రంగులో, తేనెలా, అడుగు కనబడేంత స్వచ్ఛంగా ఉంది. అంత ఇబ్బందిలోనూ ఆయన మనసు పొంగింది. ‘పాత ఆయిలే ఇంత శుభ్రంగా ఉందంటే మామయ్యగారు ఈ కారును ఎంత అపురూపంగా చూసుకుంటున్నారో!’ అనుకున్నారు.

కేకలు విని భార్య పరుగున వచ్చింది. వంగి చూసింది. కుడితిలో పడ్డ ఎలుకలా భర్త కనిపించాడు. ఏడవాలో నవ్వాలో తేల్చుకునే వ్యవధి లేదు. “ముందు పళ్ళేలు!” అని వంటింట్లోకి పరుగెత్తింది. ఒక పళ్ళెం పెట్టి, నిండింది లాగి, మరొకటి పెట్టి. ఇద్దరూ కలిసి దూలం మీద వేలాడితే కారు లేస్తుంది గాని, ఆవిడ పళ్ళేలు వదిలితే ఆయిల్ వాకిలి పాలవుతుంది. మింగమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. ఆసుపత్రి నుంచి నర్సు.

“డాక్టరు గారు ఉన్నారాండీ? వాళ్ళ మామగారిని తీసుకెళ్ళే విషయం...”

“ఆయన రాలేరండీ! కారు కింద ఉన్నారు!”

“కారు కిందా? ఎలా జరిగిందండీ?”

“మా తమ్ముడే. మీదికి వదిలేశాడు!”

“అయ్యో! ఏమైనా కారుతోందా?”

హెడ్ మిస్ట్రెస్ గారి కళ్ళు ఆ సమయంలో పళ్ళెం మీదున్నాయి. “కారడమా? ఆగడం లేదండీ! ఇప్పటికి నాలుగు పళ్ళేలు నిండాయి!” అని, ఐదో పళ్ళెం కోసం ఫోన్ పెట్టేసింది.

నర్సు చాలా ఏళ్ళుగా ఆ ఉద్యోగం చేస్తోంది. రక్తం సీసాల్లో కొలవడం చూసింది గాని పళ్ళేల్లో కొలవడం వినలేదు. ఫోన్ పట్టుకుని కేక పెట్టింది. పక్క మంచం మీద ఇంటికి బయల్దేరడానికి చొక్కా గుండీలు పెట్టుకుంటున్న మామగారు ఆ కేక విన్నారు.

ఇక్కడ ఇంట్లో పళ్ళేలు అయిపోయాయి. మూతలూ అయిపోయాయి. పొర్లిన ఆయిల్ షెడ్డు దాటి, గేటు దాకా ఉన్న సిమెంటు బాట మీద చక్కగా పరుచుకుంది. ఎండ పడి బాట అద్దంలా మెరుస్తోంది.

“డాబా మీద గుడ్డలేమైనా ఉంటే పట్టుకురారా!” అంది అక్క.

“సరే అక్కా” అని సరేబావ మెట్లెక్కాడు. అతను పైకి చేరాడో లేదో, కుయ్యోమంటూ అంబులెన్సు వచ్చి గేటు ముందు ఆగింది. స్ట్రెచరు పట్టుకుని ఇద్దరు దిగుతున్నారు. వాళ్ళిద్దర్నీ తోసుకుని ముందు దిగినవారు మామగారు. చేతిలో నాలుగు కాళ్ళ వాకరు, కాలికి కొత్త మోకాలు, కళ్ళనిండా నీళ్ళు.

“ఏడీ? ఎక్కడున్నాడు? ఎంత రక్తం పోయింది? ఇదంతా నావల్లే. ఆ దిక్కుమాలిన కారు కొనొద్దని అందరూ చెప్పారు...”

“నాన్నా, ఆగండి! అడుగు వెయ్యకండి! జారుతుంది!”

మామగారు మాట్లాడుతున్నప్పుడు ఎదుటివాళ్ళ మాట వినే అలవాటు లేదు. బస్సులో ముప్పై ఏళ్ళు ఆయన చెబితే జనం విన్నారు. పోయిన అత్తగారు ఆ నోరు ఒక్కసారైనా మూయించాలని జీవితాంతం పాటుపడి, ఆ ఒక్క కోరికా తీరకుండానే వెళ్ళిపోయారు. ఆయన గేటు తోశారు. వాకరు ముందుకేశారు. దాని కాళ్ళకు అంగుళం దూరంలో ఆయిల్ మెరుస్తోంది. కొత్త మోకాలు, సిమెంటు బాట, పది అడుగుల దూరంలో కూతురు.

హెడ్ మిస్ట్రెస్ గారు తలెత్తి చూసింది. సరిగ్గా బాటకు పైన, డాబా అంచున, రెండు చేతులా ఎర్రతెర పట్టుకుని తమ్ముడు నిలబడి ఉన్నాడు. స్కూలు మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు వినబడే గొంతుతో ఆవిడ అరిచింది.

“వదులు!”

కారు కింద డాక్టరు గారి పైప్రాణాలు పైనే పోయాయి. “వద్దు! ఆ మాట అనకు!” అన్నారు గాని ఎవరికీ వినబడలేదు.

“సరే అక్కా!”

ఎర్రతెర గాలికి పొంగి, బరువుగా, తీరిగ్గా దిగింది. గేటు దగ్గర నుంచి వరండా దాకా బాటంతా కప్పేసింది. కుట్టిన జరీ అంచు కూడా పైకే వచ్చింది. మామగారు ఒక్క క్షణం ఆగి, ఆ ఎర్రటి దారి వంక చూసి, చొక్కా సర్దుకున్నారు. తర్వాత వాకరు టకటకలాడించుకుంటూ, పట్టాభిషేకానికి వెళ్తున్న మహారాజులా నడుచుకుంటూ వరండా చేరారు. కూతురు ఆయన్ని పట్టుకుని భోరుమంది. నాన్న పడలేదన్న సంతోషంతో ఆ పొద్దున్నుంచి ఆపుకున్న ఏడుపంతా వచ్చింది. కారింది రక్తం కాదు, ఆయిలని ఏడుస్తూనే చెప్పింది. తమ్ముణ్ణి జీవితంలో మొదటిసారి “బంగారు కొండ” అంది.

తరువాత కారు లేపే కార్యక్రమానికి మామగారు వరండాలో నిలబడే ఆధిపత్యం వహించారు. “ముందొక మాట. నేను చెప్పేదాకా ఇక్కడ ఎవరూ ఆ ‘వ’ తో మొదలయ్యే మాట అనకూడదు” అని ఆజ్ఞ వేశారు. సరేబావ, అంబులెన్సు మనుషుల్లో పొడుగాయన దూలం మీద వేలాడారు. కారు లేచింది. పొట్టిగా ఉన్న రెండో ఆయన డాక్టరు గారి కాళ్ళు పట్టుకుని, “కంగారు పడకండి. నొప్పి అనిపిస్తే చెయ్యెత్తండి” అన్నాడు.

పదిహేనేళ్ళుగా రోజుకు ఇరవైసార్లు తాను చెప్పే మాట అది. వెల్లకిలా పడుకుని, నిస్సహాయంగా, ఎదుటివాడి చేతిలో ప్రాణాలు పెట్టి వింటే ఎలా ఉంటుందో డాక్టరు గారికి ఆ రోజే తెలిసింది. చెయ్యెత్తుదామనుకున్నారు. చెయ్యి ఎత్తడానికి జాగా లేదు.

ఆయన బయటికి వచ్చేశారు. అందరూ హమ్మయ్య అనుకున్నారు. దూలం మీద ఇద్దరూ మాత్రం అలాగే వేలాడుతున్నారు. చేతులు వణుకుతున్నాయి, చెమటలు కారుతున్నాయి, నోరు విప్పే ధైర్యం ఎవరికీ లేదు.

“ఇక దించండర్రా” అన్నారు మామగారు.

“మా కంపెనీలో దించడం ఉండదు నాన్నా” అన్నాడు కొడుకు మూలుగుతూ. “ఆ రెండో మాటే.”

మామగారు అందరి కాళ్ళూ చేతులూ దూరంగా ఉన్నాయో లేదో, పాత రోజుల్లో ఫుట్‌బోర్డు చూసినట్టు తనిఖీ చేసి, “రైట్! వదులు!” అన్నారు. కారు ధబ్బుమంది.

కాసేపటికి వరండాలో అందరూ కుదుటపడ్డారు. మామగారు ఎత్తు కుర్చీలో, డాక్టరు గారు పక్కనే స్ట్రెచరు మీద. రూలు ప్రకారం పరీక్ష పూర్తయ్యేదాకా లేవడానికి అంబులెన్సువాళ్ళు ఒప్పుకోలేదు. మామగారు అల్లుడి ఆయిల్ చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని నిమురుతూ కూర్చున్నారు.

“అసలు ఆ నర్సు ఎందుకు ఫోన్ చేసింది నాన్నా?” అంది కూతురు.

“ఆ కారు తీసుకురావద్దని చెప్పడానికి. కొత్త మోకాలితో పొట్టి పీట మీద కూడా కూర్చోకూడదట. ఇక నేను ఆ కారులో కూర్చోవడం కల్ల.” జేబులోంచి తన దగ్గరున్న రెండో తాళంచెవి తీసి డాక్టరు గారి అరచేతిలో పెట్టి మూశారు. “ఇక నుంచి మీరే నడపండి డాక్టరు గారూ. వీడికిద్దామంటే, రోడ్డు మీద ఎవడైనా ‘వదులు’ అంటే స్టీరింగు వదిలేస్తాడు. మీరైతే ఏ లోటూ రానివ్వరు. నేను లేకపోయినా గుర్తుపెట్టుకుని ఆయిల్ మార్చారు చూడండి...”

తాళంచెవి డాక్టరు గారి చేతిలో నిప్పుకణికలా కాలింది.

“మార్చలేదు మామయ్యగారూ” అన్నారు. “మీతో అబద్ధం చెప్పాను. ఈ రోజే మారుద్దామని...”

“తెలుసు” అన్నారు మామగారు.

“తెలుసా? ఎలా?”

“ఆసుపత్రిలో చేరే ముందురోజు మెకానిక్ చేత నేనే మార్పించాను కాబట్టి.”

డాక్టరు గారు మెల్లగా తల తిప్పి, వరుసగా పేర్చిన పళ్ళేల వంక చూశారు. ప్రతి పళ్ళెంలోనూ బంగారు రంగు ఆయిల్ ఆయన్ని చూసి మిలమిల నవ్వుతోంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని అంటారు. ఇక్కడ కొండనాలుకకు రోగమే లేదు.

“మరి రోజూ ఫోన్ చేసి ఎందుకడిగారు?”

ఎప్పుడూ మాటలకు తడుముకోని మామగారు ఆ ప్రశ్నకు తడుముకున్నారు. కుర్చీ చేతిని గోటితో గీకారు. తరువాత అన్నారు.

“భయమేసింది అల్లుడూ.”

పదిహేనేళ్ళ తరువాత ఆ పిలుపు మళ్ళీ వినబడి డాక్టరు గారు ఉలిక్కిపడ్డారు.

“మత్తిచ్చి మోకాలు కోస్తారంటే భయం కాదూ? అమ్మాయికి చెబితే ఏడుస్తుంది. వీడికి చెబితే ‘సరే నాన్నా’ అంటాడు. నీకు చెబుదామని ఫోన్ చేసేవాణ్ణి. తీరా నువ్వు ఎత్తాక, ఇంత వయసొచ్చి భయంగా ఉందని ఎలా చెప్పను? నోటికొచ్చింది ఆయిల్ మాటే. నువ్వేమో రోజూ రేపు, రేపు అనేవాడివి. చివరికి ఆ రోజు ‘మీరు నిశ్చింతగా ఉండండి’ అన్నావు చూడు. నాక్కావలసింది ఆ మాటే. మార్చేశాననడం అబద్ధమని తెలుసు. అయినా హాయిగా నిద్రపోయాను.”

డాక్టరు గారు కళ్ళు తుడుచుకుంటే ముఖమంతా ఆయిలైంది. “అయినా తప్పు తప్పే కదండీ. మీలాంటి మనిషితో అబద్ధమాడాను” అన్నారు.

“అంత బాధపడకు. నాదీ ఒకటుంది, చెల్లుకు చెల్లు.” మామగారు గొంతు సవరించుకున్నారు. “నువ్వు పీకిన మొదటి పన్ను గుర్తుందా?”

“ఎందుకు గుర్తులేదు? రోజూ చెబుతూనే ఉంటాను.”

“అది మంచి పన్ను.”

డాక్టరు గారి చెయ్యి తెలియకుండానే తన దవడ మీదికి పోయింది.

“పుచ్చింది దాని పక్కది. నువ్వు పీకేశాక అద్దంలో చూసుకుంటే, పుచ్చింది అలాగే నిక్షేపంగా ఉంది. నీ ముఖం వంక చూశాను. కొత్త కోటు, వణికే చేతులు, పరీక్ష రాసి మార్కుల కోసం చూసే పిల్లాడిలా నిలబడ్డావు. ఆ క్షణంలో నిజం చెబితే నువ్వు మళ్ళీ జన్మలో పట్టకారు పట్టుకోవనిపించింది. అందుకే నొప్పి పోయిందన్నాను. పుచ్చినదాన్ని ఆ సాయంత్రం పక్క ఊరు వెళ్ళి పీకించుకున్నాను.”

“తోడు లేక రాలిపోయిందన్నారే!”

“మరి ఏమనమంటావు?”

డాక్టరు గారు స్ట్రెచరు మీద లేచి కూర్చున్నారు. ఇన్నేళ్ళూ తాను ఎవరి మీద నిలబడ్డారో ఆయనకు ఆ రోజు పూర్తిగా అర్థమైంది. వరండాలో దవడ పట్టుకుని కూర్చున్న ఇస్త్రీ చొక్కా గుర్తొచ్చింది. ఒక మంచి పన్ను పోగొట్టుకుని, ఆ నొప్పితోనే మర్నాడు మళ్ళీ వచ్చి అదే కుర్చీలో కూర్చుని, రోడ్డు మీద పోయేవాళ్ళకు వినబడేలా “డాక్టరు గారూ” అని పిలిచిన మనిషి. ఎన్ని జన్మలెత్తినా తీర్చుకోలేని మేలు అది. మామగారి రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నారు. హెడ్ మిస్ట్రెస్ గారు కొంగుతో కళ్ళొత్తుకుంది. సరేబావ ముక్కు చీదాడు. పొడుగాటి అంబులెన్సాయన కూడా అటు తిరిగి నిలబడ్డాడు.

“మీ రుణం ఎలా తీర్చుకోను మామయ్యగారూ?” అన్నారు డాక్టరు గారు. ఆవేశంలో పాత అలవాటు ముందుకొచ్చి, జేబులోంచి చిన్న టార్చి తీసి, “ఏదీ, ఆ పక్కన మిగిలిన పళ్ళన్నా ఎలా ఉన్నాయో చూస్తాను. ఒక్కసారి నోరు తెరవండి” అన్నారు.

అత్తగారు జీవితాంతం పాటుపడినా మూయించలేకపోయిన ఆ నోరు, టక్కున మూతపడింది.